అల్లుడికి పిస్టల్ పెట్టవచ్చా?

(మామయ్య టెక్సస్‌లోని ప్లేనోలో చాలా ఏళ్ళుగా ఉంటున్నారు. అమెరికా పౌరుడు, రిటైరైన ఇంజినీరు. మేనకోడలు డాలస్‌లో లాయరు. మామయ్య కూతురూ అల్లుడూ ఫ్రిస్కోలో ఇల్లు కొన్నారు. గృహప్రవేశానికి అల్లుడికి ఒక పిస్టల్ కొనిపెట్టాలని ఆయన ముచ్చట. కూతురు అమెరికా పౌరురాలు. అల్లుడు ఇంకా హెచ్-1బీ వీసా మీదే ఉన్నాడు.)

మామయ్య: నా డబ్బుతో కొంటాను, నా అల్లుడికి పెడతాను. మధ్యలో సర్కారుకేం పనమ్మా? మన ఇళ్ళలో బంగారం ఉంటుందని ఈ చుట్టుపక్కల దొంగలకు బాగా తెలుసు. పిల్లలిద్దరూ పొద్దున్నే ఆఫీసులకు పోతే చీకటిపడ్డాకే ఇంటికి చేరేది. ఇంట్లో ఒక పిస్టల్ ఉంటే ఆ ధైర్యమే వేరు.

మేనకోడలు: ఎవరూ లేనప్పుడు దొంగ వస్తే ఆ పిస్టల్ కూడా బంగారంతో పాటే పోతుంది. సరే, ఉంచుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. తుపాకీని కానుకగా ఇవ్వడం ఈ దేశంలో తప్పేమీ కాదు. కానీ ముందు రెండు సంగతులు తేలాలి మామయ్యా. కొనే డబ్బు నిజంగా ఎవరిది? పుచ్చుకునేవాళ్ళకు తుపాకీ దగ్గర ఉంచుకునే అర్హత ఉందా? మీరు మొదటిదొక్కటే చూస్తున్నారు.

మామయ్య: అర్హతకేం? బుద్ధిమంతుడు. పన్నులు సరిగ్గా కడతాడు. స్పీడింగ్ టికెట్ కూడా లేదు.

మేనకోడలు: చట్టం అడిగేది బుద్ధి గురించి కాదు. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్‌లో తుపాకీ ఉంచుకోకూడనివాళ్ళ జాబితా ఒకటుంది. ఏడాదికి మించి జైలు పడగల నేరం చేసి దోషిగా తేలినవాళ్ళు, గృహహింస కేసులో శిక్షపడినవాళ్ళు, భార్యనో భర్తనో వేధించకూడదని కోర్టు ఇచ్చిన రక్షణ ఉత్తర్వు కింద ఉన్నవాళ్ళు, మత్తుమందుల అలవాటున్నవాళ్ళు, ఇలా సాగుతుంది. అందులోనే వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళనూ 1998లో చేర్చారు. హెచ్-1బీ, హెచ్-4, చదువుకునే పిల్లల ఎఫ్-1, అన్నీ దాని కిందికే వస్తాయి. గ్రీన్ కార్డు చేతికొస్తే ఆ అడ్డు పోతుంది. అన్నయ్యకు ఇంకా రాలేదు.

మామయ్య: అంటే ఇంజినీరునీ గృహహింస చేసినవాణ్ణీ ఒకే గాటన కట్టారన్నమాట.

మేనకోడలు: జాబితాలో పక్కపక్కన ఉన్నారు, అంతే. అయితే శిక్ష మాత్రం ఒకటే. పైగా అది పుచ్చుకున్నవాడితో ఆగదు. అర్హత లేదని తెలిసీ, లేదా తెలుసుకోదగిన కారణం ఉండీ ఇచ్చినవాడిదీ నేరమే. 2022లో బైడెన్ సంతకం చేసిన చట్టం ఆ శిక్షను 15 ఏళ్ళ దాకా పెంచింది. అల్లుడి వీసా ఏమిటో మీకు తెలియదంటే ఎవరు నమ్ముతారు?

మామయ్య: ఆగాగు. నాకూ కొంత తెలుసు. షూటింగ్ రేంజిలో మనవాళ్ళు చాలామంది కనబడతారు, వాళ్ళలో హెచ్-1బీవాళ్ళూ ఉన్నారు. వేట లైసెన్సు తీసుకుంటే చాలన్నారు. కొద్ది డాలర్లతో అయిపోతుందట. మనిషి ప్రమాదకరమని ఒక చేత్తో నిషేధించి, జింకల్ని వేటాడతానంటే మాత్రం ఇంకో చేత్తో తలుపు తీయడం ఏం చట్టం?

మేనకోడలు: మినహాయింపు ఉన్నమాట నిజమే. ఏదైనా రాష్ట్రం సక్రమంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే వలసేతర వీసా ఉన్నవాళ్ళు కూడా తుపాకీ కొనుక్కోవచ్చు, ఉంచుకోవచ్చు. ఆ మినహాయింపులో తర్కం లేదని మీరంటే నేను కాదనను. కానీ గడువు అన్న మాటను మీ రేంజి స్నేహితులు గట్టిగా చెప్పి ఉండరు. టెక్సస్ వేట లైసెన్సు ఏటా ఆగస్టు 31తో ముగుస్తుంది. కొత్తది తీసుకోవడం మర్చిపోతే సెప్టెంబరు 1న ఆ పిస్టల్ ఇంట్లో ఉండటమే నేరం.

మామయ్య: అదే మనిషి, అదే బీరువా, అదే పిస్టల్. రాత్రి పన్నెండు కొట్టగానే నేరస్థుడయ్యాడా?

మేనకోడలు: చట్టం దృష్టిలో అంతే. మీలాంటి పౌరుడికైతే అది జైలుతోనో జరిమానాతోనో పోతుంది, అన్నయ్యకు అంతటితో పోదు. ఆయుధాల కేసులో దోషిగా తేలితే వలస చట్టం ప్రకారం దేశం నుంచి పంపించేయడానికి అది ఒక్కటే చాలు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు కూడా ఆ నిబంధన వర్తిస్తుంది. ఇల్లు కొని, అప్పు ఎత్తుకుని, గ్రీన్ కార్డు కాగితాలు పెట్టుకున్న మనిషిని ఒక లైసెన్సు తేదీ మీద నిలబెట్టే కానుక అవసరమా?

మామయ్య: సరే, అల్లుడి సంగతి వదిలెయ్. అమ్మాయికి ఇస్తాను. ఇరవై ఒకటి ఎప్పుడో దాటింది, ఇక్కడి పౌరురాలు. పెళ్ళిలో గాజులు పెట్టినట్టే ఇదీ పెడతాను. అప్పుడెవడేమంటాడు?

మేనకోడలు: వదినకు ఇవ్వవచ్చు. ఇద్దరూ టెక్సస్‌వాళ్ళే కాబట్టి మీ చేతి నుంచి ఆమె చేతికి నేరుగా ఇచ్చినా టెక్సస్ చట్టం నేపథ్య తనిఖీ, అంటే చెక్, అడగదు. కానీ గాజుల్లా కాదు మామయ్యా. గాజులు ఏ డ్రాయర్‌లో పెట్టినా పర్లేదు. పిస్టల్ మంచం పక్క సొరుగులో పెడితే అది వదిన దగ్గరున్నట్టా, అన్నయ్య దగ్గరున్నట్టా? చేత్తో పట్టుకుంటేనే కాదు, కావలసినప్పుడు తీసుకుని వాడే వీలూ ఉద్దేశమూ ఉన్నా దగ్గర ఉంచుకున్నట్టే కోర్టులు లెక్కకడతాయి. అందుకని చిన్న లాకర్, దాని నంబరు వదినకు మాత్రమే తెలియాలి.

మామయ్య: మొగుడికి చెప్పకూడని నంబరు! బాగుంది. కానుక ఇచ్చి కాపురంలో తాళం వెయ్యమంటావు. ఇంతకీ మొదటి ప్రశ్నలో మాత్రం నేను పాసయ్యాను కదా? డబ్బు నాదే.

మేనకోడలు: అంతా మీదేనా?

మామయ్య: నాదే... అల్లుడు మొహమాటస్థుడు. ‘మామగారూ, మీరు కొనండి, సగం నేను ఫోన్‌లో జెల్ ద్వారా పంపిస్తా’ అన్నాడు. వద్దన్నా వినేలా లేడు.

మేనకోడలు: అదిగో, అక్కడే ఆగండి. అన్నయ్య ఒక్క డాలరు పంపినా అది కానుక కాదు, బినామీ కొనుగోలు. గన్ షాపులో మీ ముందు ఒక కాగితం పెడతారు, ఫారం 4473. అసలు కొనుగోలుదారు మీరేనా అని అందులో అడుగుతారు. వేరొకరి తరఫున కొంటుంటే మీరు కానట్టేనని అక్కడే హెచ్చరిక కూడా ఉంటుంది. మీ సొంత డబ్బుతో కొని ఒకరికి కానుకగా ఇస్తే అసలు కొనుగోలుదారు మీరే. పుచ్చుకునేవాళ్ళు మీకు డబ్బుగానీ వస్తువుగానీ పనిగానీ ముట్టజెబితే కాదు. ఆ ప్రశ్నకు ఔనని టిక్ పెట్టి సంతకం చేస్తే తెలిసి అబద్ధం రాసినట్టు. దానికి పదేళ్ళ దాకా జైలు పడవచ్చు. అర్హత లేనివాడి తరఫున అని తెలిసి కొన్నారని తేలితే 2022 చట్టం కింద 15 ఏళ్ళు. ఆ తుపాకీ పెద్ద నేరంలో వాడతారని తెలిసీ కొనిస్తే 25.

మామయ్య: మొహమాటానికి పదేళ్ళా! ఎవరైనా నిజంగా పట్టుబడ్డారా?

మేనకోడలు: సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసే ఉంది, అబ్రామ్‌స్కీ వర్సెస్ యునైటెడ్ స్టేట్స్. వర్జీనియాలో ఉండే మాజీ పోలీసు. 2009 నవంబరులో పెన్సిల్వేనియాలో ఉన్న తన అంకుల్ వరస బంధువు కోసం గ్లాక్ 19 పిస్టల్ కొన్నాడు. మాజీ పోలీసు కాబట్టి డిస్కౌంట్ వస్తుందని ఇద్దరి ఆలోచన. ఆయన 400 డాలర్ల చెక్కు ముందే పంపాడు. ఇతను ఫారంలో కొనుగోలుదారును నేనే అని రాశాడు. పిస్టల్‌ను తర్వాత పెన్సిల్వేనియాలోని లైసెన్సు ఉన్న డీలర్ ద్వారానే అప్పగించాడు. అక్కడ ఆయనకు చెక్ చేశారు, పాసయ్యాడు. ఇద్దరిలో ఎవరికీ ఏ నిషేధమూ లేదు. అయినా అబ్రామ్‌స్కీకి శిక్షపడింది. జైలు కాదు, ఐదేళ్ళ ప్రొబేషన్. 2014 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖరారు చేసింది.

మామయ్య: ఇదిగో, ఇందుకే నేను మండిపడేది! కొన్నవాడు యోగ్యుడు, పుచ్చుకున్నవాడు యోగ్యుడు, మధ్యలో డీలరు ఉన్నాడు, చెక్ జరిగింది. నష్టపోయిందెవరు? అసలు దొంగలు సందుల్లో కొనుక్కుంటారు, వాళ్ళు ఫారాలు నింపరు. దొరికేది నాలాంటి బుద్ధిగా సంతకం పెట్టేవాడే.

మేనకోడలు: మీ బాధ కొత్తదేమీ కాదు. ఆ తీర్పు 5–4తో వచ్చింది. నలుగురు న్యాయమూర్తులు మీ పక్షమే. జస్టిస్ కేగన్ మెజారిటీ తీర్పులో చెప్పింది సూక్ష్మంగా ఇది: కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషిని కాకుండా తుపాకీ నిజంగా ఎవరి కోసమో వాళ్ళను పరీక్షించాలన్నది చట్టం ఉద్దేశం. ఎవరి పేరైనా పెట్టుకోవచ్చంటే గుర్తింపు కార్డూ నేపథ్య తనిఖీ రెండూ దండగే.

మామయ్య: బాగుంది. అయితే నేను పూర్తిగా నా డబ్బుతో కొని అమ్మాయికి ఇస్తే ఎవరిని పరీక్షిస్తారు? నన్నే కదా? తుపాకీ వెళ్ళేది అమ్మాయి దగ్గరికి. అమ్మాయి పేరు ఎఫ్‌బీఐ కంప్యూటరులో ఎవడూ కొట్టి చూడడు. డబ్బు ఇస్తే ఆమెను పరీక్షించాలట, ఇవ్వకపోతే అక్కర్లేదట. ప్రమాదం డబ్బులో ఉందా, మనిషిలో ఉందా?

మేనకోడలు: జస్టిస్ స్కాలియా భిన్నాభిప్రాయంలో పట్టుకున్న పాయింటు కూడా ఇంచుమించు ఇదే. కానుకకు ఒప్పుకుని, డబ్బు చేతులు మారితే మాత్రం ఒప్పుకోకపోవడం పొసగదన్నాడు. మెజారిటీ దానికిచ్చిన జవాబు ఏమిటంటే, కానుక విషయంలో కౌంటర్ దగ్గరున్నవాడే నిజంగా కొంటున్నాడు, ఆ తర్వాత చేతులు మారడాన్ని కాంగ్రెస్ కావాలనే వదిలేసింది అని. మీకు అది చాలదనిపిస్తే నాకూ పూర్తిగా చాలదు. చట్టంలో కంత ఉంది. కానీ కంత ఉందని ఉన్న గోడ కూడా కూల్చాలనడం నాకు నచ్చదు.

మామయ్య: అసలు మన ఇళ్ళలో డబ్బు ఎవరిదని ఎవడు తేల్చగలడు? ఫర్నిచరు నా కార్డు మీద కొన్నారు, తర్వాత అల్లుడు పంపాడు. విమానం టికెట్లు వాడి కార్డు మీద, హోటళ్ళు నా కార్డు మీద. ఏడాది చివర ఎవరూ లెక్కలు చూసుకోరు. చేబదులు, సర్దుబాటు, ఇవి లేనిదే మన కుటుంబం లేదు. ఈ చట్టం రాసినవాడు అలాంటి ఇంట్లో పెరగలేదు.

మేనకోడలు: నేను ఇంతసేపు వాదిస్తున్నది అందుకే. మన అలవాటు మంచిదే. కానీ సోఫాకు ఎవరి కార్డైనా ఒకటే, తుపాకీకి కాదు. ‘నీ పేరు మీద తీసుకో, తర్వాత చూసుకుందాం’ అనే మాట మనకు రోజుకు పదిసార్లు వస్తుంది, అందులో దురుద్దేశం ఉండదు. ఆ మాటను గన్ షాపుకు తీసుకెళ్తే మాత్రం దానికి సాక్ష్యం జెల్ రసీదే. అబ్రామ్‌స్కీ కేసులో చెక్కు మీద ‘గ్లాక్ 19’ అని కూడా రాసి ఉంది. దాచుకోవాలన్న ఆలోచనే వాళ్ళకు రాలేదు, ఎందుకంటే తప్పు చేస్తున్నామని వాళ్ళు అనుకోలేదు.

మామయ్య: నేను అడిగేది వేరు. ఎవరి చేతికి ఇవ్వొచ్చో, ఎవరి చేతికి ఇవ్వకూడదో ఇంటి పెద్దకు తెలిసినంత ఎఫ్‌బీఐకి తెలుస్తుందా? అల్లుడి కోపం, అమ్మాయి నిదానం, నాకు తెలుసు. ఫారానికేం తెలుసు?

మేనకోడలు: మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్‌లో ఒక తల్లీతండ్రీ కూడా తమ కొడుకు తమకు తెలుసనే అనుకున్నారు. 2021 నవంబరులో, థాంక్స్‌గివింగ్ మర్నాడు, తండ్రి 9 ఎం.ఎం. పిస్టల్ కొన్నాడు. కొడుక్కి కొత్త క్రిస్మస్ కానుక అని తల్లి సోషల్ మీడియాలో పెట్టింది. పిల్లాడికి పదిహేనేళ్ళు. నాలుగు రోజులకు ఆ పిస్టల్‌తోనే స్కూల్లో నలుగురు విద్యార్థులను చంపాడు. ఆ ఉదయం వాడు గీసిన బొమ్మ చూసి స్కూలువాళ్ళు తల్లిదండ్రులను పిలిచారు కూడా. ఇంటికి తీసుకెళ్ళలేదు. 2024లో ఇద్దరికీ వేర్వేరు విచారణల్లో నరహత్య నేరం రుజువై, చెరొక పది నుంచి పదిహేనేళ్ళ జైలు పడింది. ఇంటివాళ్ళ కళ్ళకు ప్రేమ అడ్డం వస్తుంది మామయ్యా. ఫారానికి ప్రేమ లేదు. దాని లోపమూ అదే, దాని ఉపయోగమూ అదే.

మామయ్య: అది మైనరు పిల్లాడి కథ. దాన్ని తెచ్చి నా అల్లుడికి అంటగట్టకు.

మేనకోడలు: అంటగట్టడం లేదు. రేపు మనవడు పుడితే? పదిహేడేళ్ళలోపు పిల్లల చేతికి గుళ్ళు నింపిన తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా వదిలితే టెక్సస్‌లోనే నేరం. పిల్లాడు దాన్ని పేల్చి ఎవరైనా చనిపోతే, తీవ్రంగా గాయపడితే ఇంకా పెద్ద నేరం. కానుక ఇచ్చిన రోజుతో పని అయిపోదన్నదే నేను చెప్పేది.

మామయ్య: సరే, కొత్తది కొననే వద్దు. నా దగ్గర పాతది ఒకటుంది. న్యూజెర్సీలో మా తమ్ముడికి ఇచ్చేస్తాను. సొంత తమ్ముడు, పౌరుడు, పైసా పుచ్చుకోను. ఇప్పుడు చెప్పు.

మేనకోడలు: ఇప్పుడు రాష్ట్రం సరిహద్దు వచ్చింది. లైసెన్సు లేని మామూలు మనిషి వేరే రాష్ట్రంలో ఉండే మామూలు మనిషికి తుపాకీ నేరుగా ఇవ్వకూడదు, అన్నదమ్ములైనా సరే. తమ్ముడుగారి రాష్ట్రంలో లైసెన్సు ఉన్న డీలరుకు చేర్చాలి. ఆయన అక్కడికి వెళ్ళి ఫారం నింపి, చెక్ పాసై తీసుకోవాలి. న్యూజెర్సీలో అయితే హ్యాండ్‌గన్‌కు ముందుగా పర్మిట్ కూడా కావాలి. ఒక్కొక్క రాష్ట్రానిది ఒక్కొక్క పద్ధతి. వాషింగ్టన్ రాష్ట్రంలో కుటుంబంలోపల ఇచ్చే నిజమైన కానుకకు చెక్ అక్కర్లేదు, ఆ కుటుంబంలో అన్నదమ్ములతో పాటు మేనల్లుళ్ళు కూడా వస్తారు. కాలిఫోర్నియా మినహాయింపులో తల్లిదండ్రులు, పిల్లలు, తాతలు, మనవలు, భార్యాభర్తలు ఉన్నారు. తోబుట్టువులు లేరు.

మామయ్య: మరి వీలునామాలో రాసి పోతే?

మేనకోడలు: వారసత్వానికి ఫెడరల్ చట్టంలో మినహాయింపు ఉంది. తమ్ముడుగారికి అర్హత ఉండి, అక్కడి రాష్ట్రం ఒప్పుకుంటే నేరుగానే చేరుతుంది.

మామయ్య: అంటే పోతే ఇవ్వొచ్చు, బతికుండగా ఇవ్వకూడదు. మీ లాయర్లకు నమస్కారం తల్లీ!

మేనకోడలు: (నవ్వి) మీరు నూరేళ్ళుండి డీలరు దగ్గరికే వెళ్ళండి.

మామయ్య: నవ్వులాట కాదు. మా చిన్నప్పుడు నాన్నగారికి జంట గొట్టాల తుపాకీ ఉండేది. లైసెన్సు కోసం ఆయన ఆఫీసుల చుట్టూ ఎంత తిరిగారో నాకు తెలుసు. ఆయన పోయాక దాన్ని స్టేషన్లో అప్పగించాం. మా అన్నదమ్ములెవరికీ లైసెన్సు రాలేదు. ఆ తిరుగుడు లేని దేశానికి వచ్చానని సంతోషించాను. ఇక్కడ కూడా అదే మొదలైతే ఇక తేడా ఏముంది?

మేనకోడలు: తేడా చాలా ఉంది. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం ముందు మనిషికి లైసెన్సు, ఆ తర్వాతే ఆయుధం. లైసెన్సు లేని కొడుక్కి తండ్రి ఇవ్వలేడు. ఉన్నవాళ్ళకు కూడా 2019 సవరణ తర్వాత రెండు తుపాకులకే పరిమితి. ఇక్కడ మనిషికి హక్కు ముందు, అడ్డు ఉంటే తర్వాత. దేశం మొత్తానికి తుపాకుల రిజిస్టరు కూడా లేదు, అది పెట్టకూడదని 1986 చట్టమే అంటుంది. అందుకే ఆ 4473 కాగితం మీద ఇంత బరువు పడింది. నేరంలో ఒక తుపాకీ దొరికితే వెస్ట్ వర్జీనియాలోని మార్టిన్స్‌బర్గ్‌లో ఏటీఎఫ్ అనే ఫెడరల్ సంస్థ ట్రేసింగ్ కేంద్రం ఉంది, అక్కడివాళ్ళు తయారీ కంపెనీని అడుగుతారు, కంపెనీ డీలరును చెబుతుంది, డీలరు మొదట కొన్నవాడి ఫారం తీస్తాడు. అక్కడితో దారి ఆగుతుంది. ఫ్రిస్కోలో దొంగ ఎత్తుకెళ్ళిన పిస్టల్ ఇంకో ఊళ్ళో దొరికితే పోలీసులు మొదట తలుపు తట్టేది మీ ఇంటిదే. అప్పుడు మీరేం చెబుతారు?

మామయ్య: అమ్మాయికి ఇచ్చానని చెబుతాను.

మేనకోడలు: కాగితం ఉందా? కన్నబిడ్డకు ఇచ్చినదానికి రసీదేమిటని మీరు రాయించుకోరు. రాయించుకోండి. తేదీ, సీరియల్ నంబరు, ఇద్దరి సంతకాలు. దొంగతనం జరిగితే అదే రోజు వదిన పోలీసులకు చెప్పాలి.

మామయ్య: ఇన్ని చెప్పావు. కొనాలనే ఉంటే తిన్నని దారేదో కూడా చెప్పు.

మేనకోడలు: షాపులో గిఫ్ట్ కార్డు కొని వదిన చేతికివ్వండి. ఆమే వెళ్తుంది, తనకు నచ్చింది ఎంచుకుంటుంది, తన పేరుతో ఫారం నింపుతుంది, చెక్ కూడా తన పేరు మీదే జరుగుతుంది. ఇందాక మీరు పట్టుకున్న కంత మీ ఇంటి మట్టుకు పూడిపోతుంది. గన్ కంపెనీల సంఘమూ ఏటీఎఫ్ కలిసి వేరొకరి కోసం అబద్ధం ఆడవద్దని ఏళ్ళుగా ప్రచారం చేస్తున్నాయి. అంటే ఇది తుపాకులంటే గిట్టనివాళ్ళ సలహా కాదు, అమ్ముకునేవాళ్ళ సలహా కూడా. అన్నయ్యకైతే గ్రీన్ కార్డు వచ్చాక ఇవ్వండి.

మామయ్య: కార్డు ఇవ్వడంలో ముచ్చటేముందే? పెట్టె విప్పి చేతిలో పెట్టడం వేరు. సరే, విను. అబ్రామ్‌స్కీకి అన్యాయం జరిగిందనే ఇప్పటికీ అంటాను. ఇద్దరు యోగ్యుల మధ్య డబ్బు చేతులు మారినంత మాత్రాన నేరం ఎలా అవుతుందో నాకు బోధపడలేదు. నువ్వు కూడా సరిగ్గా చెప్పలేకపోయావు.

మేనకోడలు: ఆ ఒక్క చోట చెప్పలేకపోయాను, ఒప్పుకుంటాను. చట్టం మారాలనుకుంటే కాంగ్రెస్ సభ్యుడికి రాయండి, మీకు ఓటుంది. అన్నయ్యకు అది కూడా లేదు. పరీక్ష పెట్టదలచుకుంటే మీ పేరు మీద పెట్టుకోండి, ఆయన వీసా మీద వద్దు.

మామయ్య: ఆ మాటకు మాత్రం ఎదురు చెప్పను. అల్లుడు పంపిన డబ్బు ఈ రాత్రికే వెనక్కి పంపేస్తాను.

మేనకోడలు: పంపాడా అప్పుడే?

మామయ్య: నిన్ననే. షాపుకు మాత్రం ఇంకా వెళ్ళలేదులే.